బడి దారిలోని విషపు మొక్కలు: పిల్లలకు గుర్తుపట్టడం నేర్పేదెలా?

మన ఊళ్ళలో పిల్లలను ఆసుపత్రి పాలు చేసే మొక్కల కోసం అడవికి వెళ్ళనక్కరలేదు. బడి ప్రహరీ వెంట, గుడి తోటలో, అపార్ట్‌మెంటు గేటు పక్కన, జాతీయ రహదారి డివైడరు మీద అవి దర్జాగా పూస్తుంటాయి. చాలావాటిని మనమే డబ్బిచ్చి కొని నాటాం. పశువులు ముట్టవు, నీళ్ళు పోయకపోయినా బతుకుతాయి, ఏడాది పొడుగునా పూస్తాయి. కంచెకూ అందానికీ ఇంతకన్నా ఏం కావాలి? పశువులు ఎందుకు ముట్టవో మాత్రం పిల్లలకు ఎవరూ చెప్పరు.

చెప్పేవాళ్ళలో రెండు రకాలున్నారు. ఒకరు "చెట్ల జోలికి పోవద్దు" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ఇంకొకరు యాభై మొక్కల బొమ్మలున్న చార్టు గోడకు తగిలిస్తారు. మొదటిది పిల్లలు వినరు, రెండోది వాళ్ళకు గుర్తుండదు. రేగుపళ్ళు, పరికిపళ్ళు, సీమచింతకాయలు ఏరుకుని తినే పిల్లవాడికి "ఏదీ తినకూడదు" అన్న మాట ఒట్టిదేనని ఒక్క పూటలో తెలిసిపోతుంది. ఆ తరవాత మీరు ఉమ్మెత్త గురించి చెప్పినా నమ్మడు. మీ బిడ్డ తిరిగే దారిలో నిజంగా ఉన్న ఐదారు మొక్కలు, నోటి విషయంలో ఒక కట్టుబాటు, పొరపాటు జరిగితే దాచకుండా వచ్చి చెప్పే ధైర్యం. ఈ మూడూ నేర్పితే చాలు. ఎలా నేర్పాలో వరసగా చెబుతాను.

ముందు మీరొక్కరే నడిచి చూడండి

పిల్లలను వెంటబెట్టుకోకుండా ఒకసారి ఇంటి నుంచి బడికి, బడి నుంచి ఆటస్థలానికి, గుడికి, చెరువుగట్టుకు నడవండి. మీ కళ్ళ ఎత్తులో ఉన్నదాన్ని వదిలేసి నడుము కింద ఏముందో చూడండి. పిల్లల చెయ్యి అందేది అక్కడికే. నేల మీద రాలిన కాయలు, గింజలు ముఖ్యం. చెట్టు మీది కాయకన్నా రాలిన గింజతోనే పిల్లలు ఎక్కువ ఆడతారు.

పల్లెల్లో అయితే పెంటకుప్పల పక్కన, పాడుబడ్డ ఇళ్ళ దగ్గర ఉమ్మెత్త తప్పకుండా ఉంటుంది. జిల్లేడు లేని చోటు లేదు. చేలగట్ల మీద ఆముదం, కంచెలుగా కాడజెముడు, కంపల మీదికి పాకిన గురివింద తీగ కనిపిస్తాయి. ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో ఆముదం పంటగానే వేస్తారు కాబట్టి గింజలు ఇంటి ముందే ఆరబోసి ఉంటాయి. ఏజెన్సీ ప్రాంతాల వాళ్ళు ముష్టి, నల్లజీడి, అడవినాభి కూడా చూసుకోవాలి.

పట్నం వాళ్ళు "మాకు ఇవేవీ లేవు" అనుకోవద్దు. పచ్చ గన్నేరు, ఎర్ర గన్నేరు మీ కాలనీ పార్కులోనే ఉంటాయి. బాల్కనీ కుండీలో ముద్దుగా పెంచుకునే అడీనియం పాలలో కూడా గన్నేరులో ఉన్నలాంటి గుండెకు చెరుపు చేసే విషమే ఉంటుంది. ఆకు మీద తెల్ల మచ్చలుండే డైఫెన్‌బాకియాను కొరికితే నాలుక, పెదవులు వాచి మాట రాకుండా పోవచ్చు. పచ్చి చేమదుంప, కంద దురద పెట్టడానికి ఏ సూది స్ఫటికాలు కారణమో ఇక్కడా అవే కారణం.

అడవి ఆముదం సంగతి కాస్త విడిగా చెప్పాలి. జాత్రోఫా అన్నా ఇదే; కొన్నిచోట్ల నేపాళం అంటారు. 2003లో ప్రణాళికా సంఘం కమిటీ దీని గింజల నుంచి బయోడీజిల్ తీయాలని సిఫారసు చేశాక దేశమంతటా బీడు భూముల్లో, రైలు పట్టాల వెంట నాటారు. డీజిల్ కల కరిగిపోయింది, మొక్కలు మిగిలాయి. దీని గింజ లోపలి పప్పు తెల్లగా, కమ్మగా, ఇంచుమించు వేరుశనగ రుచితో ఉంటుంది. అందుకే ఇది ఒక్క పిల్లవాడితో ఆగదు. ఒకడు కొట్టి తిని బాగుందంటాడు, గుంపంతా తింటుంది, కాసేపటికి అందరికీ ఒకేసారి వాంతులు, విరేచనాలు. బడిపిల్లలు ఇరవై, ముప్పై మంది ఒకే రోజు ఆసుపత్రిలో చేరారన్న వార్త పేపర్లో వస్తే, మధ్యాహ్న భోజనం కాకపోతే నాకు ముందు తట్టేది ఈ గింజే. బడి ఆవరణలో ఇది ఉంటే పాఠం తరవాత చెప్పుకోవచ్చు, ముందు మొక్క పీకించండి.

నడిచి వచ్చాక ఒక కాగితం మీద మొక్కల పేర్లు రాసుకోండి. ఆరుకు మించితే అన్నిటికన్నా దగ్గరగా, అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న ఆరే ఉంచండి. మిగతావి వచ్చే ఏడాది పాఠం.

నోటికి ఒక కట్టుబాటు

మూడేళ్ళ లోపు పిల్లలకు నేర్పేదేమీ లేదు. అందినదల్లా నోట్లో పెట్టుకునే వయసు అది. కుండీలు మార్చడం, నేల మీద రాలినవి ఊడ్చడం పెద్దల పని.

మూడు దాటిన దగ్గర నుంచి ఒకే ఒక్క మాట అలవాటు చేయండి: "చూపించి, అడిగి, ఆ తరవాతే నోట్లో." ఇది విషపు మొక్కలకు మాత్రమే కాదు, అన్నిటికీ. రేగుపండు అయినా సరే తెచ్చి చూపించాలి, మీరు "తిను" అనాలి. అడిగిన ప్రతిసారీ విసుక్కోకుండా చూడండి, మంచిదైతే వెంటనే ఇచ్చేయండి. అడిగితే దొరుకుతుందన్న నమ్మకం కుదిరితేనే పిల్లలు అడుగుతారు. పదిసార్లు అడిగితే పదిసార్లూ "పారెయ్" అనే ఇంట్లో పదకొండోసారి అడగరు, చాటుగా తింటారు.

ఐదారేళ్ళు వచ్చాక పిల్లలు తర్కాలు మొదలుపెడతారు. ఆ తర్కాలు చాలావరకు పెద్దల దగ్గర విన్నవే కాబట్టి వాటికి జవాబులు సిద్ధంగా ఉంచుకోండి.

"పిట్టలు తింటున్నాయిగా!" తింటాయి. కోయిల పచ్చ గన్నేరు పండును హాయిగా తింటుంది, దానికేమీ కాదు. మనిషికి గుండె ఆగిపోతుంది. పిట్ట కడుపు వేరు, మన కడుపు వేరు అని చెప్పండి. కోయిల ఆ చెట్టు మీద వాలినప్పుడు చూపించి చెబితే మరీ మంచిది.

"తియ్యగా ఉంది కదా, విషమెలా అవుతుంది?" కాకరకాయ చేదు, అయినా కూర వండుకుంటాం. అడవి ఆముదం పప్పు కమ్మగా ఉంటుంది, అయినా విషం. విషం ఉందో లేదో నాలుక చెప్పలేదు.

"ఆముదం మందుగా తాగిస్తారు కదా?" ఇది తెలివైన పిల్లలు అడిగే ప్రశ్న, దీనికి సరైన జవాబు ఇవ్వాలి. ఆముదపు గింజలో రైసిన్ అనే విషం ఉంది. గింజను గానుగ ఆడినప్పుడు అది పిండిలోనే ఉండిపోతుంది, నూనెలోకి రాదు. కాబట్టి నూనె వేరు, గింజ వేరు.

ఒకసారికి ఒక మొక్క, దగ్గరగా

పుస్తకంలో బొమ్మ చూపి ఊరుకోవద్దు. మొక్క దగ్గరికి తీసుకెళ్ళండి. ఒక వారానికి ఒకటే మొక్క. ముట్టుకోకుండా నిలబడి ఆకు, పువ్వు, కాయ, గింజ ఈ నాలుగూ చూపించాలి. చాలామంది పువ్వు దగ్గరే ఆగిపోతారు. పువ్వు లేని రోజున ఆ మొక్క పిల్లలకు కొత్త మొక్కే అవుతుంది.

పచ్చ గన్నేరుతో మొదలుపెడదాం. పల్లెలోనూ పట్నంలోనూ ఉన్నది, కాయతో పిల్లలు ఆడుకునేది, చాలా కొద్దిగా కడుపులోకి పోయినా ప్రాణం మీదికి తెచ్చేది ఇదే. ఆకు సన్నగా, పొడుగ్గా, పైన నిగనిగలాడుతూ ఉంటుంది. పువ్వు పసుపురంగు గంట; కాషాయం, తెలుపు రంగుల్లో పూసేవీ ఉన్నాయి. రేకులు ఒకదాని మీద ఒకటి మెలితిరిగి ఉంటాయి. కాయ లేతప్పుడు పచ్చగా, పండితే నల్లగా అవుతుంది. దాని మీద అడ్డంగా ఒక గట్టు ఉండి మూడు నాలుగు మూలలున్నట్టు కనిపిస్తుంది. కండ కుళ్ళి ఊడిపోయాక లోపల గోధుమరంగు గట్టి టెంక బయటపడుతుంది. పిల్లల చేతికి వచ్చేది ఈ టెంకే. చెట్టు కింద ఎండి పడి ఉంటుంది, చేతిలో ఇమిడిపోతుంది, గచ్చకాయల ఆటకు కొలతపెట్టి చేసినట్టు ఉంటుంది. దాన్ని రాయితో కొడితే లోపల పప్పు. విషం అన్ని భాగాల్లోనూ ఉన్నా ఆ పప్పులోది మరీ ఘాటు. పాఠం చెప్పేటప్పుడు టెంకను కాగితంతో పట్టుకుని చూపించండి, "ఇది దొరికితే ఆట కట్టిపెట్టి నాకు చెప్పు" అనండి. తరవాత పారేసి, పిల్లల ఎదుటే చేతులు కడుక్కోండి. మీరు కడుక్కోవడం వాళ్ళు చూస్తే సగం పాఠం అయిపోయినట్టే.

పేరుతో కూడా జాగ్రత్త. ఎర్ర గన్నేరు, పచ్చ గన్నేరు, దేవగన్నేరు, బిళ్ళగన్నేరు నాలుగూ వేర్వేరు మొక్కలు. పిల్లలకు తేడాలు చెప్పి తికమక పెట్టనక్కరలేదు. "గన్నేరు అని పేరున్నది ఏదైనా నోటికి దూరం" అంటే సరిపోతుంది. ఎర్ర గన్నేరు పుల్ల తిన్నగా, నున్నగా ఉంటుంది కాబట్టి విల్లంబులకూ, మొక్కజొన్న కండె గుచ్చి కాల్చుకోవడానికీ విరుస్తారు. అది కూడా వద్దని విడిగా చెప్పాలి.

రెండో వారం ఉమ్మెత్త. బాకా ఆకారంలో తెల్లని లేక ఊదారంగు పువ్వు, ముళ్ళ కాయ, లోపల చిన్న చిన్న చదును గింజలు. మూడో వారం గురివింద. ఎరుపు మీద నల్ల చుక్క ఉన్న ఆ గింజను చూసి మోహపడని పిల్లలు లేరు. గింజ మొత్తంగా మింగితే పైపెంకు గట్టిది కాబట్టి చాలాసార్లు అలాగే బయటికి వచ్చేస్తుంది. నమిలినా, పగిలినా, దండ గుచ్చడానికి బెజ్జం వేసినా ప్రమాదం. ఒకప్పుడు కంసాలి త్రాసులో తూకపు రాయిగా, మన ఇళ్ళలో వామనగుంటల పిక్కలుగా వాడిన గింజ కాబట్టి దీన్ని విషమని పెద్దవాళ్ళే ఒప్పుకోరు. "మేమంతా ఆడుకున్నాం, ఏమైంది?" అనే నాయనమ్మతో వాదం పెట్టుకోవద్దు. వామనగుంటలకు చింతపిక్కలో గవ్వలో తెచ్చి ఇచ్చి, గురివిందలను మెల్లగా తప్పించండి. అంగళ్ళలో అమ్మే గురివింద పూసల గాజులు, దండలు మాత్రం పసిపిల్లలున్న ఇంటికి తేనే తేవద్దు.

ఒకేలా కనిపించేవి పక్కపక్కన పెట్టి చూపించండి

కాస్త పెద్ద పిల్లలకు, అంటే ఏడెనిమిదేళ్ళ వాళ్ళకు, ఇది అన్నిటికన్నా ఇష్టమైన భాగం. తేడా కనిపెట్టమంటే వాళ్ళ కళ్ళు మన కళ్ళకన్నా చురుకు.

వానాకాలంలో బజారుకు ఆకాకరకాయలు వస్తాయి. ఒక కాయ తీసుకుని ఉమ్మెత్త మొక్క దగ్గరికి వెళ్ళండి. రెండింటికీ ముళ్ళున్నాయి, రెండూ పచ్చగా ఉన్నాయి. ఆకాకర ముళ్ళు మెత్తన, తీగకు కాస్తుంది. ఉమ్మెత్త మీది ముళ్ళు గుచ్చుకుంటాయి, గుబురు మొక్కకు కాస్తుంది, పండితే పగులుతుంది. తేడాలు మీరు చెప్పకండి, వాళ్ళచేత చెప్పించండి.

కామంచి పళ్ళు ఇంకో మంచి పాఠం. నల్లగా మాగిన పండు ఎందరో తింటారు, ఆకు కూర వండుతారు. అదే మొక్క పచ్చికాయ తింటే వాంతులు, కడుపునొప్పి. ఒకే మొక్కలో ఒకటి తినేది, ఒకటి తినకూడనిది ఉంటాయన్న సంగతి పిల్లలకు ఇక్కడే బోధపడుతుంది. లాంటానా కాయలూ అంతే. కొన్ని ఊళ్ళలో తలంబ్రాల చెట్టు అంటారే, అదే. దాని నల్లని పళ్ళు పిల్లలు తింటూనే ఉంటారు, పచ్చికాయలు మాత్రం విషం. నేనైతే లాంటానాను పూర్తిగా వద్దనే చెబుతాను. పండిందీ పండనిదీ ఒకే గుత్తిలో ఉన్నప్పుడు ఏరుకుని తినే ఓపిక ఏ పిల్లవాడికుంటుంది?

ఏజెన్సీ పిల్లలకు ముష్టిపండు, అడవినాభి దుంప తప్పనిసరి. ముష్టిపండు చిన్న నారింజంత, నున్నగా, నారింజ రంగులోనే ఉంటుంది. లోపల గుండ్రని బిళ్ళల్లాంటి గింజలు. వాటిలోని స్ట్రిక్నిన్ ఒళ్ళంతా కొయ్యబారేలా ఫిట్స్ తెప్పిస్తుంది. అడవినాభి పువ్వు మంటలా ఎరుపు, పసుపు కలిసి ఎంతో అందంగా ఉంటుంది, అగ్నిశిఖ అని పేరు కూడా ఉంది. నేలలోని దుంపను తినే దుంప అనుకుని పొరబడతారు. అయితే అడవిలో పుట్టి పెరిగిన పిల్లలకు ఈ విషయంలో మనం చెప్పేదానికన్నా వాళ్ళ తాతలకు తెలిసిందే ఎక్కువ. అక్కడ బడి ఉపాధ్యాయులు చేయవలసిన పని ఆ తాతలను ఒక పూట బడికి పిలవడం.

పత్రి కోసే రోజును వదులుకోవద్దు

ఏడాదిలో ఒక్క రోజు మన పిల్లలంతా మొక్కల కోసం బయలుదేరుతారు. వినాయక చవితి పత్రికి. ఇరవై ఒక్క పత్రాల్లో దత్తూర పత్రం అంటే ఉమ్మెత్త, కరవీర పత్రం అంటే గన్నేరు, అర్క పత్రం అంటే జిల్లేడు. అంటే మనం నేర్పదలచిన జాబితాలో సగం దేవుడి పీట మీదికే వస్తుంది. ఇంతకన్నా మంచి తరగతి గది దొరకదు.

ఆ ఉదయం పిల్లలను వెంట తీసుకెళ్ళండి. గరిక, మారేడు, రేగు, మామిడి, దానిమ్మ, తులసి పిల్లలు కోయాలి. ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు మాత్రం మీరు కోయాలి, విడిగా ఒక కవరులో వేయాలి. "ఇవి మాత్రం అమ్మే ఎందుకు కోస్తోంది?" అన్న ప్రశ్న దానంతట అదే వస్తుంది. అప్పుడు చెప్పండి. జిల్లేడు ఆకు తుంచినప్పుడు తొడిమ దగ్గర పాలు బొట్టుబొట్టుగా ఊరడం దూరం నుంచే చూపించండి. ఆ చేత్తో కన్ను నులుముకుంటే ఏమవుతుందో చెప్పండి.

"దేవుడికి పెట్టేది విషమెలా అవుతుంది?" అని కూడా అడుగుతారు. మన పురాణంలోనే జవాబు ఉంది. హాలాహలం మింగిన శివుడికి ఉమ్మెత్త పువ్వంటే ఇష్టం. గరళం గొంతులో నిలుపుకోగలిగినవాడికి అది చెల్లింది, మనకు చెల్లదు. పిల్లలకు ఈ జవాబు బాగా పడుతుంది. మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంటారు కూడా.

పూజయ్యాక పత్రిని పసిపిల్లల చేతికి అందనీయకండి. ప్రసాదం ఆ ఆకుల మీద పెట్టవద్దు. నిమజ్జనం దాకా పీట మీద ఉండే పత్రిలో ఉమ్మెత్త కాయలు కూడా ఉంటే ముందే తీసేయండి. పట్నంలో బజారులో కొన్న పత్రి కట్టలో ఏ ఆకు ఏదో అమ్మినవారికే తెలియదు కాబట్టి, కట్ట విప్పి ఒక్కొక్కటీ గుర్తుపట్టే ఆట పెద్ద పిల్లలతో ఆడవచ్చు. చివరికి అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

రథసప్తమి కూడా ఇలాంటిదే. తల మీద, భుజాల మీద జిల్లేడు ఆకులు పెట్టి పిల్లలకు స్నానం చేయిస్తాం. ఆకులు ముందు రోజే కోసి, తొడిమలు బాగా కడిగి ఉంచండి. పోసే నీళ్ళు కళ్ళ మీదుగా కారకుండా చూడండి.

తింటే కాదు, తాకితేనే

జిల్లేడు, కాడజెముడు పాలకు పిల్లలకు చెప్పవలసిన మాట ఒకటే: పాలు కారే మొక్కను తాకిన చెయ్యి కంటి దగ్గరికి పోకూడదు. మర్రి, సపోటా కూడా పాలు కారుస్తాయి, వాటితో పెద్ద ప్రమాదం లేదు. అయినా నియమం ఒకటే ఉంటే పిల్లలకు తేలిక. జిల్లేడు మొగ్గలను నొక్కి టప్పుమనిపించడం అన్ని ఊళ్ళలోనూ ఉన్న ఆట. దాని పాలు కంట్లో పడితే కొందరికి మొదట పెద్దగా నొప్పి ఉండదు, చూపు మాత్రం మసకబారుతుంది. నొప్పి లేదు కదా అని ఊరుకోవడం వల్లే కంటికి ముప్పు.

దూలగొండి కాయల మీది బంగారురంగు నూగు ఒంటికి తగిలితే పిల్లలు గీరుకుని గీరుకుని ఏడుస్తారు. గీరితే నూగు ఇంకా లోపలికి దిగుతుంది. ప్లాస్టరు గానీ అతుక్కునే టేపు గానీ ఆ చోట అద్ది లాగితే నూగు టేపుతో వచ్చేస్తుంది, తరవాత సబ్బుతో కడగాలి, బట్టలు విడిగా ఉతకాలి. వయ్యారిభామ విషయంలో ముట్టుకోవడమే కాదు, పుప్పొడి పీల్చినా కొందరికి ఆయాసం, ఒంటి మీద దద్దుర్లు వస్తాయి. 1950లలో పుణె దగ్గర కనిపించిన ఈ కలుపు ఇప్పుడు లేని ఖాళీ స్థలం లేదు. బడి శ్రమదానాల్లో పిల్లలచేత దీన్ని ఒట్టి చేతులతో పీకించే ఉపాధ్యాయులు దయచేసి మానుకోవాలి.

జీడి సంగతి పిల్లలకు మామిడికాయతో చెప్పవచ్చు. మామిడి సొన పెదవికి తగిలి పుండైన అనుభవం దాదాపు ప్రతి ఇంట్లో ఎవరికో ఒకరికి ఉంటుంది. నల్లజీడి, జీడిమామిడి ఆ కుటుంబానివే, వాటి రసం సొనకన్నా చాలా ఘాటు. చాకలివారు బట్టలకు చెరగని గుర్తులు పెట్టేది నల్లజీడి రసంతోనే. ఉద్దానం పిల్లలకు పచ్చి జీడిగింజను పళ్ళతో కొరికితే ఏమవుతుందో ఎవరూ చెప్పనక్కరలేదు. అమెరికాలో ఉన్న మన వాళ్ళ పిల్లలను పార్కుల్లో ఏడిపించే పాయిజన్ ఐవీ కూడా ఈ కుటుంబపు మొక్కే. ఒక్కో కాడకు మూడేసి ఆకులతో నేల మీదా చెట్ల మీదా పాకుతుంది. ఇక్కడి నుంచి మనవల దగ్గరికి వెళ్ళే తాతలు, బామ్మలు దాన్ని ఏదో ఆకుకూర తీగ అనుకుని పీకకుండా, వెళ్ళగానే మనవడి చేతనే పాఠం చెప్పించుకోవాలి.

ఇప్పుడు వాళ్ళు మీకు చూపించాలి

నేర్పిన నెల తరవాత అదే దారిన నడవండి. ఈసారి మాట్లాడేది పిల్లలు. "ఈ దారిలో మనం తినకూడనివి ఎన్ని ఉన్నాయో చూపించు" అని వెనక నడవండి. తప్పు చెబితే వెంటనే దిద్దకుండా, ఆకు చూడు, కాయ చూడు అని మళ్ళీ చూసే అవకాశం ఇవ్వండి. పదేళ్ళు దాటిన పిల్లలకైతే తమ్ముడికో చెల్లెలికో నేర్పే పని అప్పగించండి. పరీక్ష పెట్టడం కోసం విషపు గింజలు సీసాలో పోసి ఇంట్లో దాచడం మాత్రం వద్దు. సీసా మూత తీసే పిల్లవాడు ప్రతి ఇంట్లోనూ ఉంటాడు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది, చాలామంది పెద్దలు వదిలేసేది. పిల్లలు తిన్న సంగతి దాస్తారు. తిడతారని, కొడతారని దాస్తారు. ఆ దాచిన రెండు మూడు గంటల్లోనే జరగరానిది జరుగుతుంది. అందుకని ముందుగానే నాటకంలా ఆడించండి.

"నీ స్నేహితుడు ఏదో గింజ తిన్నాడు, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. ఏం చేస్తావు?"

"చెప్పకూడదు కదా నాన్నా, ఒట్టు."

"ఈ ఒక్క విషయంలో ఒట్టు చెల్లదు. పరిగెత్తుకెళ్ళి టీచరుకో నాకో చెప్పాలి. ఆ పిల్లవాణ్ణీ తిట్టం, నిన్నూ తిట్టం."

ఈ మాట ఇచ్చాక నిలబెట్టుకోవాలి. రేపు నిజంగా వచ్చి చెప్పినప్పుడు మొదటి దెబ్బ మీరే వేస్తే అంతా వృథా.

నోట్లో పెట్టేస్తే ఏం చేయాలి?

నోట్లో మిగిలింది వేలితో తీసేసి, నీళ్ళతో పుక్కిలించి ఉమ్మించండి. వేలు గొంతులో పెట్టి వాంతి చేయించవద్దు, ఉప్పునీళ్ళు తాగించవద్దు. మగతగా ఉన్న పిల్లవాడికి వాంతి చేయిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చింతపండు పులుసు, మజ్జిగ, పసుపునీళ్ళు, నాటు వైద్యుడి ఆకు పసరు ఏవీ వద్దు. వాటితో పోయేది విషం కాదు, సమయం.

వెంటనే 108కి ఫోను చేయండి. దిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం 1800 116 117 నంబరులో రాత్రింబవళ్ళు ఉచితంగా సలహా ఇస్తుంది. ఆ నంబరు ఫోనులోనే కాకుండా వంటగది గోడ మీద కూడా రాసి పెట్టండి. ఇంట్లో ఆ క్షణాన ఉండేది మీరే కావాలని లేదు.

తిన్న మొక్క కొమ్మ ఒకటి ఆకు, కాయ, పువ్వు ఉండేలా తుంచి కవరులో వేసి వెంట తీసుకెళ్ళండి. వాంతి అయితే అందులో పడిన ముక్కలు కూడా. మొక్క పేరు మీకు తెలియకపోయినా డాక్టరుకు పనికొస్తుంది.

కంట్లో పాలు పడితే రెప్పలు తెరిచి పట్టుకుని శుభ్రమైన నీళ్ళు పావుగంట నుంచి ఇరవై నిమిషాలు ధారగా పోయాలి, నులమనివ్వకూడదు, ఆపైన కంటి డాక్టరు చూడాల్సిందే. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టవద్దు, చేతిలో తాళంచెవులు పెట్టి సమయం పోగొట్టవద్దు. ఉమ్మెత్త తిన్న పిల్లవాడు ముఖం ఎర్రబడి, కంటిపాపలు పెద్దవై, నోరెండిపోయి, లేనివి ఉన్నట్టు మాట్లాడతాడు. గాలి సోకిందనుకుని మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్ళే ఊళ్ళు ఇంకా ఉన్నాయి. ఆ లక్షణాలు నాలుగూ కలిసి కనిపిస్తే పిల్లవాడు ఎక్కడ ఆడుకున్నాడో కనుక్కోండి, దారిలో ఉమ్మెత్త కనిపిస్తుంది.

గన్నేరు, ఆముదం, గురివింద గింజలు తిన్న పిల్లలు మొదట కొన్ని గంటలు మామూలుగానే ఉండవచ్చు. గన్నేరు విషానికి గుండె లయ తప్పడం ఆలస్యంగా బయటపడుతుంది కాబట్టి ఈసీజీ తీసి కనిపెట్టుకుని ఉండాలి. ఆముదం, గురివింద విషాలకు వాంతులు, నెత్తుటి విరేచనాలు గంటల తరవాత మొదలవుతాయి. "బాగానే ఉన్నాడు కదా" అని ఆసుపత్రి గుమ్మం నుంచి వెనక్కి తీసుకురావద్దు. డాక్టరు అడగకముందే ఏం తిన్నాడు, ఎన్ని తిన్నాడు, నమిలాడా మింగాడా, ఎన్ని గంటలకు తిన్నాడు అన్నవి చెప్పండి. వాడితోపాటు ఆడుకున్న పిల్లల ఇళ్ళకు కూడా అప్పుడే ఫోను చేయించండి.